సీసాలో పోసిన సముద్రం

సముద్రానికి వాసన ఉంటుందని మా ఊళ్ళో ఎవరూ అనరు. సెలవులకు పట్నం నుంచి వచ్చినవాళ్ళు మాత్రం వాడరేవు ఒడ్డున ఆటో దిగుతూనే గుండెల నిండా గాలి పీల్చి, "అబ్బ, సముద్రం వాసన!" అంటారు. మరికొందరు అదే గాలికి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంటారు. మేమిద్దరం పుట్టింది, పెరిగింది, పెళ్ళయి బిడ్డను కన్నది అక్కడే గనుక ఇద్దరిలో ఎవరిది నిజమో మాకు తెలియదు. మాలో ఒకరు పడవ మీద వేటకు వెళ్తారు. ఒకరు గంప నెత్తిన పెట్టుకుని చీరాల వీధుల్లో చేపలు అమ్ముతారు. మా ఇంటికి, మా బట్టలకు, ఆదివారం ఆరాధనకు పట్టుకెళ్ళే సంచికి, అన్నిటికీ ఒకటే గాలి.

ఈ సంగతి గురించి ఆలోచించవలసి వచ్చింది మా పాప వల్ల. 2022లో హైదరాబాదులో డిగ్రీలో చేరింది. రసాయన శాస్త్రం చదువుతోంది. బషీర్‌బాగ్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో ఉంటుంది. హాస్టల్ పేరు ఇక్కడ అవసరం లేదు. అలాంటివి ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి, ఏ హాస్టల్లోనైనా ఇదే జరిగి ఉండేది. మొదటి దసరా సెలవుల తరువాత తిరిగి వెళ్ళేటప్పుడు నాయనమ్మ నెత్తళ్ళు వేయించి డబ్బాలో పెట్టి ఇచ్చింది. ఆ డబ్బా మూత తీసిన రోజు గదిలోని పిల్లలు కిటికీలు తెరిచారు. డబ్బాను వరండాలో పెట్టారు. మరునాడు పాప కాలేజీ నుంచి వచ్చేసరికి ఎవరో దాని దుప్పటి మీద సెంటు కొట్టి ఉంచారు. పాప ఎవరితోనూ గొడవ పడలేదు. మాకూ చాలా నెలలు చెప్పలేదు. ఒకనాడు ఫోనులో మాత్రం, "అమ్మా, ఇక ఎండుచేపలు పంపొద్దు. నాయనమ్మను కూడా ఇప్పట్లో తీసుకురాకండి" అంది.

ఫోను స్పీకరులో ఉంది. నాయనమ్మ పక్కనే ఉంది. ఆమె ఏమీ అనలేదు. "సరేలే, చలికాలం ప్రయాణం నాకూ పడదు" అని లేచి వెళ్ళి వల ముందు కూర్చుంది. ఆమె గంప మోసిన డబ్బుతోనే మా పాప పదో తరగతి దాకా చదువుకుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మా తీరంలో మర పడవలకు వేట నిషేధం. బడి తెరిచే రోజులూ, పుస్తకాలు కొనే రోజులూ సరిగ్గా అప్పుడే వస్తాయి. ఆ రోజుల్లో ఎండుచేపలు అమ్మి ఇల్లు నడిపింది ఆమే.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. పడవలన్నీ ఒడ్డుకు లాగి ఉన్నాయి, వేట లేదు. అది సర్దుకున్నాక పాపను క్రిస్మస్‌కు ఇంటికి తీసుకురావాలని మేమిద్దరం రాత్రి చీరాలలో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. తెల్లవారాక నాంపల్లిలో దిగాం. పాప స్టేషనుకు వచ్చింది. బస్సు వద్దని ముగ్గురం ఆబిడ్స్ మీదుగా నడిచాం. ఆబిడ్స్ అనే పేరు ఏదో ఊరి పేరు కాదనీ, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన అక్కడ దుకాణం పెట్టుకుంటే ఆ పేరే నిలిచిపోయిందనీ పాప చెప్పింది. దుకాణం పోయింది, పేరు మిగిలింది.

బషీర్‌బాగ్ దాకా వచ్చాక పాప ఒక అద్దాల దుకాణం ముందు ఆగింది. "ఒక్క నిమిషం నాన్నా, చూసి వద్దాం, కొనక్కర్లేదు" అంది. లోపల అన్నీ సెంటు సీసాలే. కౌంటరు దగ్గర ఉన్న అమ్మాయి పాపను గుర్తుపట్టి నవ్వింది. అంటే ఇది మొదటిసారి కాదన్నమాట. నీలిరంగు సీసా ఒకటి తీసి, సన్నని కాగితపు ముక్క మీద చల్లి మాకు ఇచ్చింది. "ఇది సీసైడ్ సెంటు ఆంటీ. సముద్రం ఒడ్డున నిలబడినట్టు ఉంటుంది. సిట్రస్, రెసిన్" అంది.

రెసిన్ అనే మాట వినగానే మాలో పడవ పని తెలిసినవారికి నవ్వొచ్చింది. మా ఊళ్ళో రెసిన్ అంటే తెలియని మగవాడు లేడు. ఫైబర్ పడవ అడుగు పగిలితే గాజు పీచు చాప పరిచి, డబ్బాలోని రెసిన్‌లో మందు కలిపి పూస్తారు. ఆ వాసనకు కళ్ళ వెంట నీళ్ళు కారుతాయి. "ఆ రెసిన్ కాదు నాన్నా, చెట్టు బంక" అని పాప నెమ్మదిగా అంది. చెట్టు బంక అయినా మాకు కొత్త కాదు. ఫైబర్ రాకముందు చెక్క నావలు ఉన్న రోజుల్లో పలకల సందుల్లోకి నీరు రాకుండా గుగ్గిలం నూనెలో కాచి పూసేవారు. పెద్దవాళ్ళ చేతులకు ఎప్పుడూ ఆ జిగురు ఉండేది. సముద్రపు ఒడ్డుకూ చెట్టు బంకకూ సంబంధం ఉందని ఆ సెంటు చేసినవాడికి ఎవరు చెప్పారో గాని, ఉన్నమాట నిజమే.

ధర అడిగాం. మూడు కిలోల వంజరం అమ్మితే వచ్చేంత చెప్పింది. పాప మా ముఖాలు చూసి సీసా వెనక్కి ఇచ్చేసింది. కాగితపు ముక్క మాత్రం మేము సంచిలో వేసుకున్నాం.

ఆ రాత్రి రైల్లో పాపను అడిగాం, సముద్రం ఎక్కడైనా సీసాలో పడుతుందా అని. అది చదువుకున్నది చెప్పింది. మేము అర్థమైనంత రాస్తున్నాం.

ఉప్పుకు వాసన లేదు. సముద్రపు గాలిలో వచ్చే వాసన ఎక్కువగా నీటిలో ఉండే కంటికి కనబడని పాచిది. ఆ పాచిలోని ఒక పదార్థాన్ని సూక్ష్మజీవులు విరగ్గొడితే డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు పుడుతుంది. క్యాబేజీ ఉడికేటప్పుడు వచ్చే వాసనలోనూ అదే ఉంటుంది. అది పలచగా ఉంటే సముద్రపు గాలి, చిక్కగా ఉంటే ముక్కు మూసుకోవాలి. సముద్రపు పక్షులు కొన్ని ఆ వాసన పట్టుకునే మేత ఎక్కడుందో తెలుసుకుంటాయట. అది సీసాలో పోసి అమ్మితే ఎవరూ కొనరు. అందుకని సెంటు చేసేవాళ్ళు వేరే దారి పట్టారు. 1966లో ఫైజర్ అనే మందుల కంపెనీలో ఒక రసాయనం తయారైంది. దానికి కలోన్ అని పేరు. దాని వాసన కోసిన పుచ్చకాయలా, తడిగాలిలా ఉంటుంది. చాలా ఏళ్ళు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1990ల నాటికి మాత్రం సముద్రం పేరు పెట్టుకున్న సెంట్లలో అది విరివిగా వచ్చింది. 1996లో ఇటలీ దుస్తుల వ్యాపారి జార్జియో అర్మానీ పేరున 'ఆక్వా డి జియో' అనే సెంటు వచ్చింది. ఆయన సెలవులు గడిపిన పాంటెల్లేరియా అనే దీవి దానికి ప్రేరణ. ప్రపంచమంతా అమ్ముడైంది. పుచ్చకాయ, నిమ్మజాతి పండ్లు, చెట్టు బంక: వీటిని కలిపి సముద్రం అంటే జనం ఒప్పుకున్నారు. చేప ఊసు లేదు.

నిమ్మజాతి వాసన అమ్మడం కొత్త సంగతి కాదు. జ్వరం వచ్చిన పిల్లల నుదుట యుడికొలోన్ తడిపిన గుడ్డ వేయడం మన పాఠకులలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. ఆ పేరులోని కొలోన్ జర్మనీలోని ఒక పట్టణం. ఇటలీ నుంచి అక్కడికి వెళ్ళి స్థిరపడిన ఫరీనా కుటుంబం 1709లో దుకాణం పెట్టింది. నిమ్మ, నారింజ, బెర్గమోట్ తొక్కల నూనెలు సారాయిలో కలిపి వాళ్ళు చేసిన నీళ్ళకే ఊరి పేరు వచ్చింది. అయితే నిమ్మ వాసన నిలవదు. నిమ్మతొక్క నూనెలో ఎక్కువ భాగం లిమోనీన్ అనే తేలిక పదార్థం. గాలి తగిలితే కాసేపటికే ఎగిరిపోతుంది. చెట్టు బంక బరువైనది, సాయంత్రం దాకా ఉంటుంది. అందుకే రెండూ కలుపుతారు. నిప్పు మీద వేసే సాంబ్రాణి చెట్టు బంక నూనెలోనూ కొంత లిమోనీన్ ఉంటుందట. కాబట్టి అవి ఒకదానికొకటి పరాయివి కావు.

మన సాంబ్రాణి అనే మాటలో రెండు మూడు చెట్లు కలిసిపోయాయి. బజారులో దొరికే లోబాను సుమత్రా దీవిలోని ఒక చెట్టు బంక. అరబ్బులు దాన్ని జావా సాంబ్రాణి అన్నారు. ఓడల మీద వచ్చిందే గాని ఇక్కడ పండింది కాదు. జ్ఞానులు బాలయేసుకు తెచ్చిన సాంబ్రాణి వేరు. అది దక్షిణ అరేబియాలోనూ, ఎర్ర సముద్రం అవతలి ఒడ్డునా పెరిగే చెట్టుది. దాని తోబుట్టువు అనదగిన చెట్టు మన తెలంగాణ మెట్ట అడవుల్లోనూ ఉంది. దాన్ని అందుగు అంటారు. కొండ ప్రాంతాల పాఠకులకు తెలిసే ఉంటుంది.

పాప ఇంకొకటి కూడా చెప్పింది. అది విన్నాక మేము బైబిలు తెరిచి చూశాం. నిర్గమకాండము 30వ అధ్యాయంలో గుడారంలో వేసే ధూపం ఎలా చేయాలో ఉంది. సాంబ్రాణితో పాటు చెప్పిన వాటిలో మన తెలుగు బైబిలులో గోపిచందనము అన్న చోట హెబ్రీలో వేరే మాట ఉంది. దాన్ని గ్రీకులోకి మార్చినవారు గోరు అనే అర్థం వచ్చే మాట వాడారు. అది సముద్రపు నత్త గుల్ల నోటికి మూతలా ఉండే గోరులాంటి పెంకు అని చాలామంది పండితులు అంటారు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో అత్తరు చేసేవాళ్ళు ఇప్పటికీ సముద్రపు గుల్లల్ని మాడ్చి ఒక నూనె తీస్తారు. దాన్ని నఖ్ అంటారు, అంటే గోరే. ఆ ధూపంలో ఉప్పు కూడా ఉండాలని అదే అధ్యాయం చెబుతుంది. చెట్టు బంక, సముద్రపు గుల్ల, ఉప్పు! అలాంటిది తన వాసనకోసం ఎవడూ చేసుకోకూడదని కూడా అక్కడే ఉంది. బషీర్‌బాగ్‌లో ఆ మాట ఎవరికీ చెప్పలేదులెండి.

అసలైన సముద్రపు ఒడ్డు పరిమళం కావాలంటే మొగలి ఉంది. ఉప్పుగాలి తగిలే ఇసుక నేలల్లో తనంతట తాను పెరుగుతుంది. ఒడిశాలో మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న గంజాం జిల్లా తీరంలో ఆ పువ్వుల్ని రాగి బానల్లో మరగబెట్టి అత్తరు తీస్తారు. 2013 అక్టోబరులో గోపాలపూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపానుకు అక్కడి మొగలి పొదలు బాగా దెబ్బతిన్నాయి. హైదరాబాదు బిర్యానీలో చల్లే కేవడా నీళ్ళు ఈ మొగలివే. అంటే సముద్రపు ఒడ్డు వాసన హైదరాబాదు విస్తరిలో ఎప్పటినుంచో ఉంది. పేరు మారింది గనుక ఎవరూ ముక్కు మూసుకోలేదు.

ఇల్లు చేరాక ఆ కాగితపు ముక్క నాయనమ్మకు ఇచ్చాం. అప్పటికి రెండు రోజులైంది. నిమ్మ చాలావరకు ఎగిరిపోయి ఉంటుంది. ఆమె కళ్ళు మూసుకుని రెండుసార్లు వాసన చూసింది. "ఏందే ఇది, శనివారం వాసన" అంది.

పాపకు అర్థం కాలేదు. మాకు వెంటనే అర్థమైంది. వారమంతా గంప మోసినవాళ్ళు శనివారం పొద్దుగూకేవేళకు ఇల్లు చేరతారు. ముందు ఉప్పు, తరువాత నిమ్మచెక్క, గోళ్ళ సందుల్లో కూడా పోయేలా చేతులకు రుద్దుకుంటారు. నిమ్మకాయలు మాకు ఎప్పుడూ కరువు లేదు. గూడూరు వైపు నుంచి చీరాల బజారుకు బస్తాలు వస్తాయి. ఆ తరువాత తలంటుకుని, నిప్పుల మీద సాంబ్రాణి వేసి, బోర్లించిన బుట్ట మీద జుట్టు ఆరబెట్టుకుంటారు. మన సంఘాల్లో కొందరు పెద్దలకు సాంబ్రాణి పొగ అంటే గిట్టదు. ఆరాధనలో మనం ధూపం వేయం గనుక ఇంట్లో మాత్రం ఎందుకని వారి మాట. నాయనమ్మ వాళ్ళతో ఎన్నడూ వాదించలేదు. జుట్టు తడి ఆరకుండా గుడికి వెళ్తే జలుబు చేస్తుందని మాత్రం అనేది. ఆదివారం పొద్దున ఆమె పక్కన కూర్చుంటే చేప వాసన రాదు. నిమ్మ, సాంబ్రాణి వస్తాయి. దుకాణంలోని ఆ సీసాలో ఉన్నది అదే. ఎవరో దొరలు సముద్రపు ఒడ్డు అని పేరు పెట్టి అమ్ముతున్నది, ఒడ్డున బతికేవాళ్ళు సముద్రాన్ని కడుక్కున్న తరువాత మిగిలే వాసన.

ఇది విన్నాక పాప చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి వెళ్ళి తన పుస్తకం తెచ్చింది. చేపలో కంపు పుట్టించేది ట్రైమిథైల్ అమీన్ అట. బతికున్న చేపలో అది అలా ఉండదు. సముద్రపు ఉప్పును తట్టుకోవడానికి చేప తన ఒంట్లో దాచుకునే పదార్థం ఒకటి ఉంది, దానికి వాసన లేదు. చచ్చిన తరువాత సూక్ష్మజీవులు దాన్ని విరిస్తే ఈ కంపు వస్తుంది. అది క్షారం. నిమ్మలో ఉన్నది ఆమ్లం. రెండూ కలిస్తే లవణం అవుతుంది, అది గాలిలోకి లేవదు. అందుకే వాసన పోతుంది. చింతపండుతో చేపలు కడగడమూ ఇందుకే. "మూడు మార్కుల ప్రశ్న నాయనమ్మా, మొన్న పరీక్షలో వచ్చింది" అంది పాప. "నువ్వు రాశావా?" అని అడిగింది ఆమె. "రాశాను. కానీ నువ్వు చేస్తున్నది ఇదేనని తట్టలేదు."

"మార్కులు వేశారా?"

"వేశారు."

"అయితే సరే" అంది నాయనమ్మ. ఆమెకు అంతకుమించి అక్కర్లేదు. దుప్పటి మీద సెంటు కొట్టిన సంగతి పాప ఆ రాత్రే మొదటిసారి మాకు చెప్పింది. ఆమె వినడానికే చెప్పిందని మేమనుకున్నాం.

జనవరిలో పాప వెళ్ళేటప్పుడు ఎండుచేపల డబ్బా ఎవరూ ఎత్తలేదు. అది కూడా అడగలేదు. ఫిబ్రవరిలో మాత్రం ఫోను చేసి, "నాయనమ్మ కళ్ళు చూపించాలన్నారుగా, ఇక్కడికే తీసుకురండి, నేను సెలవు పెడతాను" అంది. ఆమె రానని రెండు రోజులు మొండికేసింది. మూడోనాడు నెత్తళ్ళు వేయించింది.

నాంపల్లిలో దిగేసరికి ప్లాట్‌ఫారం మీద పాప ఉంది. ఎండుచేపలు గదిలోకి తీసుకురాకూడదని హాస్టల్లో ఇప్పటికీ నియమమే. అందుకని ఆసుపత్రి పని చూసుకున్నాక నలుగురం పబ్లిక్ గార్డెన్స్‌కు నడిచి వెళ్ళి, చెట్టు కింద విస్తరాకులు పరుచుకున్నాం. పాప రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. దారిన పోయే ఒకరిద్దరు మా వైపు తిరిగి చూశారు. చూడనిచ్చాం. తినడం అయ్యాక నాయనమ్మ కొంగు ముడి విప్పి, ఊరి నుంచి తెచ్చిన నిమ్మచెక్క తీసి పాపకు అందించింది.

"ఉండు నాయనమ్మా, తరువాత రుద్దుకుంటాలే" అని పాప ఆమె ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది.